పక్కింటి కుక్కను కట్టరు, పెరటి కోళ్లను కాపాడుకునేదెలా?

కొబ్బరి_దొడ్డి (ప్రశ్న):
నమస్కారం అండీ. మాది కోనసీమ. పది సెంట్ల కొబ్బరి దొడ్డిలో ఇరవై కోళ్లు తిరుగుతాయి. సగం వనరాజా జాతివి, మిగతావి నాటు పెట్టలు, ఒక పుంజు. పక్కవాళ్లు కుక్కను కట్టరు, అది కంచె సందుల్లోంచి దూరి పట్టపగలే కోళ్లను చంపుతోంది. వాళ్లతో తగువు వద్దు. దొడ్డంతా కంచె వేయించే స్తోమతా లేదు. కోళ్లను పూర్తిగా గూట్లో పెట్టకుండా దారుందా? రెక్కలు కత్తిరించి లోపలే ఉంచమని ఒకరు, కుక్క మెడకు గుదికర్ర కట్టించమని ఇంకొకరు చెబుతున్నారు.

గంప_గూడు:
చంపేది కుక్కేనా అన్నది ముందు తేల్చుకోండి. కుక్క చంపితే కోడి చాలాసార్లు అక్కడే పడి ఉంటుంది. ఈకలు దూరం దాకా చెదురుతాయి, గాట్లు వీపు మీదా తొడల మీదా కనిపిస్తాయి, ఒక్క దాడిలోనే రెండు మూడు పోవచ్చు. అడవిపిల్లి ఒకదాన్ని నోట కరుచుకుపోతుంది. ముంగిస మెడ దగ్గర కొరుకుతుంది, అది చాలా చిన్న సందులోంచి కూడా దూరుతుంది కాబట్టి కుక్క కోసం వేసిన కంచె దాన్ని ఆపదు.

రెక్కలు మాత్రం కత్తిరించకండి. నాటు పెట్ట కుక్కను చూడగానే ఎగిరి కొమ్మెక్కి బతికిపోతుంది. రెక్క తీసేస్తే ఆ ఒక్క దారీ పోతుంది. వనరాజా బరువైన పక్షి, పెద్దగా ఎగరలేదు, ముందు దొరికేది అదే. అందుకే వనరాజాను దడిలో (చిన్న కంచె లోపల) ఉంచి, నాటువాటినే బయటికి వదలండి. ఇక ముందు కోడిపిల్లలు కొనేటప్పుడు రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవారి గ్రామప్రియ రకం కూడా చూడండి, అది వనరాజా కంటే తేలిక.

దడి_పని:
చదరంగా ఉన్న పది సెంట్లకైనా చుట్టుకొలత 264 అడుగులు. అంత కంచె మీకు అక్కర్లేదు. 20 అడుగులకు 20 అడుగుల దడి చాలు, అంటే 80 అడుగుల జాలీ. రోజూ కాసేపు బయటికి వదిలితే ఇరవై కోళ్లకు ఇరుకు కాదు.

5 అడుగుల ఎత్తు, 2 అంగుళాల కన్ను, 12 గేజి చైన్‌లింక్ (అల్లిన ఇనుప తీగ జాలీ) తీసుకోండి. ఆరు మూలల కన్నుండే సన్న కోళ్ల జాలీ ఒక్కటే వేస్తే కుక్క పళ్లతో లాగి చింపేస్తుంది. దాన్ని కింది రెండడుగులకు లోపలివైపు అదనంగా కట్టండి, కోడిపిల్లలు బయటికి పోకుండా ఉంటాయి. ఏడడుగుల సరుగుడు కర్రలు ఎనిమిది అడుగులకొకటి, అడుగున్నర లోతు పాతాలి. నాలుగు మూలలతో, తలుపుతో కలిపి పదమూడు కావాలి. పాతే భాగానికి తారు పూయండి, లేకపోతే చెద తినేస్తుంది.

అసలు కీలకం కింద ఉంది. కుక్క కంచెకు ఆనుకునే తవ్వుతుంది. అందుకని రెండడుగుల వెడల్పు జాలీని కంచె బయటివైపు నేల మీద పరిచి, కంచె అడుగు అంచుకు అడుగుకొకచోట బైండింగ్ వైరుతో బిగించి, పైన రాళ్లు పేర్చండి. కుక్క తవ్వబోతే కాళ్ల కిందే జాలీ తగులుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన చాలా కుక్కలకు రాదు. తలుపు కింద గడపలా రాయి వేయండి. కంచె ఎంత బాగున్నా కుక్క దూరేది ఆ సందులోంచే.

పైన అడ్డకర్ర కట్టకండి. కర్ర కనబడితే పెట్ట దాని మీద వాలి, అవతలికి దూకుతుంది. పాత చేపల వల కప్పితే గద్దల బెడదా తగ్గుతుంది. దడి మాత్రం కొబ్బరి చెట్ల కింద వద్దు, మట్టలూ కాయలూ పడి వల చిరిగిపోతుంది.

కొబ్బరి_దొడ్డి:
చాలా వివరంగా చెప్పారండీ. తగిలితే షాక్ కొట్టే సోలార్ కంచె తీగ పెడితే జాలీ ఖర్చు తగ్గుతుందా?

దడి_పని:
జాలీకి బదులు కాదు, తోడుగా పెట్టుకోవచ్చు. జాలీకి బయట అరడుగు దూరంలో, నేల నుంచి 8 అంగుళాల ఎత్తున ఒక తీగ, 16 అంగుళాల ఎత్తున ఇంకోటి. కుక్క ముక్కుతో వాసన చూసే ఎత్తది. ఇసుక నేల ఎండిపోతే ఎర్త్ సరిగ్గా అందదు, వేసవిలో ఎర్త్ రాడ్ దగ్గర నీళ్లు పోస్తుండాలి. తీగకు గడ్డి తగిలినా షాక్ బలం తగ్గుతుంది. ఇంటి కరెంటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీగకు ఇవ్వకండి. అది మనుషుల్ని చంపుతుంది, మీ మీద కేసవుతుంది.

కుక్క_సంగతి:
గుదికర్ర వద్దండీ. కర్ర ముందుకాళ్లకు తగిలి పుండ్లు పడతాయి, మెడ ఒరుసుకుపోతుంది. కుక్క కోడిని చంపేది ఆకలితోనే కాదు, పరిగెత్తేదాన్ని తరమడం దాని గుణం. కాబట్టి కడుపునిండా పెట్టినా మానదు. చంపాక కొట్టినా దానికి అర్థం కాదు.

పక్కవాళ్ల దొడ్లో రెండు చెట్ల మధ్య ఆరడుగుల ఎత్తున తీగ లాగి, దానికి ఇనుప రింగు, రింగుకు గొలుసు వేయండి. కుక్క తీగ పొడుగునా తిరుగుతుంది. గొలుసు చెట్టుకు చుట్టుకోకుండా రెండు చివర్లా మూడడుగుల ముందే ముడి వేయాలి, నీడా నీళ్లూ అందేలా చూడాలి. సామాను మీరే కొనిస్తామంటే ఎక్కువమంది కాదనరు. రోజంతా కట్టమని అడగకండి, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా చాలని చెప్పండి. కోళ్లు బాగా మేసేది పొద్దునా సాయంత్రమూ. గుడ్లు ఎక్కువగా మధ్యాహ్నంలోపే పెట్టేస్తాయి కాబట్టి పొద్దున దడిలో ఉంచితే గుడ్లూ గూట్లోనే దొరుకుతాయి. రోజూ చీకటి పడే ముందు పళ్లెం వాయిస్తూ దడి లోపల నూకలు చల్లండి. అలవాటైతే ఎప్పుడు వాయించినా పరుగున వస్తాయి.

అప్పటికీ వినకపోతే ఫొటోలతో పంచాయతీలో రాసివ్వండి. పెంపుడు జంతువు వల్ల మనిషికి ప్రమాదం కలిగేలా అజాగ్రత్తగా వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది. కోళ్ల నష్టానికి అది సూటిగా వర్తించదు, పరిహారం పెద్దమనుషుల మధ్యే తేల్చుకోవాలి. గుళికల మందు కలిపిన మాంసం పెట్టడం మాత్రం తప్పు, నేరం కూడా. 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. పైగా ఆ కుక్క కక్కినదాన్ని మీ కోళ్లే పొడుచుకు తింటాయి.

గంప_గూడు:
కరిచి వదిలేసిన కోడిని వెంటనే విడిగా గంప కింద చీకట్లో పెట్టండి, లేకపోతే మిగతావి గాయాన్ని పొడుస్తాయి. కుక్క పంటి గాటు పైకి చిన్నగా కనిపించినా లోపల లోతుగా ఉంటుంది. చుట్టూ ఈకలు కత్తిరించి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, బెటాడిన్ రాయండి. గాటును మూసి కుట్టకండి, లోపల చీము పడుతుంది. ఈగలు వాలకుండా చూసుకోండి, ఒక్కరోజులో పురుగు పడవచ్చు. తిండి ముట్టకపోయినా, గాయం వాసన వచ్చినా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుక్క నోట్లోంచి కోడిని లాగేటప్పుడు మీకు గీరుకుంటే సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రేబిస్ టీకా వేయించుకోండి.