అమ్మకు బ్రిడ్జి వేయించాలా, ఇంప్లాంటా?
అమ్మకు 58 ఏళ్లు. కింద కుడివైపు దవడపన్ను పుచ్చిపోతే ఆరు నెలల కిందట తీయించాం. అప్పటి నుంచి ఎడమవైపే నములుతోంది. జొన్నరొట్టె పాలల్లో నానబెట్టుకుంటోంది, సకినాలంటే ప్రాణం, వాటి జోలికే పోవట్లేదు.

డాక్టరు ఆ ఖాళీలో బ్రిడ్జి (పక్క పళ్ల ఆసరాతో నిలిచే కట్టుడు పన్ను) వేద్దామంటున్నారు. దానికి అటూ ఇటూ ఉన్న రెండు పళ్లనూ అరగదీసి క్యాప్‌లు తొడగాలట. నా బాధంతా అక్కడే. అవి రెండూ రాయిలాంటి పళ్లు, ఒక్క పుచ్చు లేదు! ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పెట్టే పన్ను) అయితే పక్క పళ్లను ముట్టుకోనక్కర్లేదు గానీ, ఎముకకు అతుక్కోవడానికి నెలలు పడుతుంది. పైగా అమ్మకు షుగరు, మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష) 8.2 వచ్చింది.

షుగరుండి ఇంప్లాంట్ వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? బ్రిడ్జి ఉన్నవాళ్లు దాని కింద ఇరుక్కున్న మెతుకులు ఎలా తీస్తున్నారు? బ్రిడ్జికి మెటల్ మీద సిరామిక్ సరిపోతుందా, జిర్కోనియానే (మెటల్ లేని గట్టి తెల్లటి సిరామిక్) నయమా? సోమవారం డాక్టరుకు ఏదో ఒకటి చెప్పాలి.