చర్చ: 45 ఏళ్లకే ఉద్యోగం మానేస్తే జీవితాన్ని నిండుగా బతికినట్టేనా?

గోదారిగట్టు:
గాలిలో వాదించుకోకుండా ఒక ఇంటి లెక్క ముందు పెడుతున్నాను. భార్యాభర్తలు, ఇద్దరికీ 45. హైదరాబాద్‌లో అప్పు తీరిన ఫ్లాటు. బాబు తొమ్మిదో తరగతి. పీఎఫ్, మ్యూచువల్ ఫండ్లు, ఎఫ్‌డీలు అన్నీ కలిపి 2.5 కోట్లు. నెల ఖర్చు 70 వేలు, అంటే ఏడాదికి 8.4 లక్షలు. చేతిలో దాదాపు 30 ఏళ్ల ఖర్చు ఉన్నట్టు.

నా వాదన ఇది. ఆఫీసులో 9 గంటలు, దారిలో 2 గంటలు, ఏడాదికి 240 రోజులు. మొత్తం 2,640 గంటలు. ఈ ఇల్లు ఇప్పుడే ఆ గంటల్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. 60 దాకా ఆగితే సొమ్ము పెరుగుతుంది, నిజమే. మోకాళ్లు మాత్రం పెరగవు. ప్రభుత్వం నడిపే కైలాస మానససరోవర యాత్రకు 70 ఏళ్ల వయో పరిమితి ఉంది, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే కొలత) 25 దాటకూడదన్న షరతూ ఉంది. డబ్బుంది కదా అని అక్కడెవరూ పంపరు. కాదనేవాళ్లు లెక్కతో కాదనండి.

లెక్కల మాస్టారు:
లెక్కతోనే కాదంటాను. గోదారిగట్టు గారి పట్టికలో ఉన్నవన్నీ నెలనెలా వచ్చే ఖర్చులే. ఇంట్లో ఇంకో రకం ఖర్చులుంటాయి, ఏడాదికోసారో పదేళ్లకోసారో వస్తాయి. వాటిని కలపకపోవడం వల్లే సగం పథకాలు మునుగుతాయి.

పదేళ్లకోసారి 12 లక్షల కారు అనుకుంటే ఏడాదికి 1.2 లక్షలు. ముగ్గురి ఆరోగ్య బీమా ఏడాదికి 60 వేలు అనుకోండి, వయసుతో పాటు అదీ పెరుగుతుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇంటి రంగులు, అపార్ట్‌మెంటు లిఫ్టు మార్పిడిలో మన వాటా, అన్నిటికీ ఇంకో 60 వేలు. 8.4 కాస్తా 10.8 లక్షలైంది.

ఇప్పుడు సొమ్ములోంచి తీసేయాల్సినవి. నాలుగేళ్ల ప్రైవేటు ఇంజినీరింగ్ చదువుకు హాస్టలుతో కలిపి 20 లక్షలు. తల్లిదండ్రుల ఆసుపత్రికి 15 లక్షలు. మిగిలింది 2.15 కోట్లు. దాన్ని 10.8తో భాగించండి. ఏడాది ఖర్చుకు 20 రెట్ల కంటే కొంచెం తక్కువ. ఒక్క రూపాయి కొత్తగా ఖర్చు పెట్టకుండానే 30 కాస్తా 20 అయింది.

ఈ తేడా ఎంతదో చూడండి. పన్ను పోను, ధరల పెరుగుదల పోను సొమ్ము ఏటా 2 శాతం పెరుగుతుందనుకుందాం. 30 రెట్లుంటే 90 ఏళ్ల వయసు దాకా వస్తుంది. 20 రెట్లయితే 70కి అటూ ఇటూగా అయిపోతుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, ఎన్నేళ్లకి కరుగుతాయో ఈ భాగహారమే చెబుతుంది.

బందరు లడ్డు:
మాస్టారూ, మొదటి ఏడాది సొమ్ములో 4 శాతం తీసి, తర్వాత దాన్ని ధరలతో పాటు పెంచుకుంటూ పోవచ్చనే 4 శాతం సూత్రం ప్రకారం 25 రెట్లుంటే చాలు కదా? అందరూ అదే చెబుతారు. ఇక్కడ కొరత అయిదు రెట్లే. ఆ మాత్రం దానికి ఇంత భయపెట్టాలా?

లెక్కల మాస్టారు:
ఆ సూత్రం విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు 1994లో చెప్పింది. అమెరికా షేర్లు, బాండ్ల పాత లెక్కలు చూసి, 30 ఏళ్లు సరిపోవాలన్న షరతుతో చెప్పింది. 65లో విరమించేవాడికి 30 ఏళ్లు బాగానే ఉంటుంది. 45లో మానేసేవాడికి 45 ఏళ్లు కావాలి, పైగా మన దగ్గర ధరలు వేగంగా పెరుగుతాయి. 6 శాతం చొప్పున పెరిగితే ఇవాళ్టి 70 వేలు పన్నెండేళ్లకు 1.4 లక్షలు, ఇరవై నాలుగేళ్లకు 2.8 లక్షలు. అందుకే మనకి 35 రెట్లకు తగ్గితే నేను ఒప్పుకోను.

అసలు గండం మొదటి మూడు నాలుగేళ్లలో ఉంది. ఇదే ఇల్లు మొదటి ఏడాది ఖర్చు తీసేశాక 2.04 కోట్లు ఉంటుంది. అందులో 60 శాతం షేర్లలో ఉండి, అవి ఆ ఏడాదే 40 శాతం పడ్డాయనుకోండి. 2008లో సెన్సెక్స్ ఒక్క ఏడాదిలో సగానికి పైగా పోగొట్టుకుంది కాబట్టి ఇది జరగని మాటేం కాదు. సొమ్ము 1.55 కోట్లకు దిగుతుంది. రెండో ఏడాది ఖర్చు 11.45 లక్షలు, అంటే 7.4 శాతం. అంత పడ్డ ధరకి యూనిట్లు అమ్ముకుంటూ పోతే మార్కెట్ మళ్లీ లేచే సరికి లేవడానికి మన దగ్గర యూనిట్లే ఉండవు. ఇదే పతనం పదిహేనో ఏట వస్తే ఇంత దెబ్బ తగలదు. దీనికి విరుగుడు మూడేళ్ల ఖర్చు, అంటే 33 లక్షలు, ఎఫ్‌డీల్లోనో, కావాలన్నప్పుడు తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్లోనో విడిగా పెట్టి, మార్కెట్ పడ్డప్పుడు అందులోంచే తినడం.

పన్ను కూడా మరచిపోకండి. షేర్ల ఫండ్లలో ఏడాది దాటాక వచ్చిన లాభం ఏటా 1.25 లక్షలు మించితే, ఆ పైదానికి 12.5 శాతం. 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదన్న రాయితీ ఈ లాభానికి వర్తించదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

నాగావళి:
ఇప్పటిదాకా వచ్చిన లెక్కలన్నీ భార్యాభర్తల్ని ఒకే ముద్దగా చూస్తున్నాయి. 2,640 గంటలు ఎవరి చేతికొస్తాయి? 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు, అదీ చేసేవాళ్లే నూటికి పాతిక మంది. ఆయన ఇంట్లో ఉంటే మధ్యాహ్నం భోజనం, పదకొండింటి టీ, నాలుగింటి టిఫిను కొత్తగా వచ్చి చేరతాయి. ఆయనది నిండు జీవితం, ఆవిడది నిండు సింకు!

కాబట్టి పట్టికలో ఇంకో వరుస వేయండి. రాజీనామాకు ఆరు నెలల ముందు ఒక వారం ఇద్దరూ గంట గంటకీ ఏం చేశారో రాసుకోవాలి. వంట, గిన్నెలు, బట్టలు, కూరగాయలు, పెద్దవాళ్ల మందులు, స్కూలు వాట్సాప్ గ్రూపు కూడా. ఆ తర్వాత పేర్లు మార్చాలి. సాయం చేస్తాను అన్నది కుదరదు, "మధ్యాహ్నం వంట నాది" అని ఉండాలి. సరుకులు అయిపోయాయని గమనించడం కూడా అందులో భాగమే. అది కుదరకపోతే వంటమనిషి జీతం, పండగ బోనసు, ఆమె రాని రోజుల బయటి తిండి ఖర్చు 10.8 లక్షల మీద కలపండి. అప్పుడు 20 రెట్లు కూడా ఉండవు.

పాలమూరు పిల్లగాడు:
ఇంకో ముచ్చట గూడ మాట్లాడుకోవాలె. కొలువు ఇడ్సిపెట్టి ఏం జేస్తవంటే పదిమందిల ఆరుగురు "ఐదెకరాలు కొని ఎవుసం జేస్త" అంటరు. మంచిదే గానీ దాన్ని విశ్రాంతి లెక్కల రాయకుండ్రి.

ఆయిల్‌పామ్ తీస్కోండ్రి, పని తక్కువ అని అందరు దాని దిక్కే చూస్తున్నరు. 9 మీటర్ల ముక్కోణం పద్ధతిల ఎకరాకు 57 మొక్కలు, ఐదెకరాలకు 285. నాలుగో ఏడు దాకా చెప్పుకోదగ్గ పంట లేదు. కాపుకొచ్చిన చెట్టుకు ఎండకాలంల రోజుకు 200 లీటర్లకు తగ్గకుండ నీళ్లు గావాలె, అంటే తోట మొత్తానికి 57 వేల లీటర్లు. మే నెలల బోరు ఎండితే ఏంది? కాపు మీదున్నప్పుడు పది పదిహేను దినాలకోపారి గెలలు కోయాలె, కోసినంక 24 గంటలల్ల ఫ్యాక్టరీకి చేరాలె, లేకుంటే నూనెల ఆమ్లం పెరుగుతది. మానససరోవరం పోయొచ్చేదాక గెల ఆగదు సారూ. ఇగ కూలీలు దొరుకుడు వేరే కథ. ఇది కొలువు ఇడ్సుడు గాదు, మేనేజర్‌ను మార్చుకునుడు. ఇష్టముండి జేసేటోళ్లకు అదే నిండు బతుకు, కాదంటలేను. 33 లక్షల ఎఫ్‌డీ మీద చెయ్యేసి బోరు మీద పెట్టుడే వద్దంటున్న.

పైరగాలి:
మీరంతా 45 అన్న అంకె చుట్టూ తిరుగుతున్నారు. ఆ అంకే తప్పని నేనంటాను.

ఈ ఇంట్లో బాబు తొమ్మిదో తరగతి. మన రెండు రాష్ట్రాల్లో తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఏడాదిన్నరలో పదో తరగతి అయిపోతుంది. ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీ. పొద్దున్నే లేస్తే రాత్రి దాకా స్టడీ అవర్లు, ఔటింగ్ ఎప్పుడో. ఆ తర్వాత ఇంజినీరింగ్ హాస్టలు, ఆ తర్వాత వేరే ఊరో వేరే దేశమో. కొడుకుతో గడపడానికి తండ్రి ఉద్యోగం మానేసే వేళకి కొడుకే ఇంట్లో ఉండడు. ఖాళీ గంటలు 2,640 వచ్చినా వాటిని ఎవరితో గడపాలనుకున్నారో వాళ్లు వెళ్లిపోయుంటారు.

పిల్లలు అడక్కుండానే మన వెంట వచ్చేది నాలుగో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా. మన అమ్మానాన్నలు మెట్లెక్కగలిగేదీ దాదాపు ఆ ఏళ్లలోనే. అప్పటికి ఉద్యోగస్తుల వయసు 37 నుంచి 42. కాబట్టి చివర్లో పదిహేనేళ్లు కోసుకునే బదులు మధ్యలో ఒక ఏడాది కోసుకోవాలి. ఒక ఏడాది విరామానికి పట్టే ఖర్చు 10.8 లక్షలు, ప్లస్ ఉద్యోగం వెతుక్కోవడానికి నాలుగైదు నెలలు. మొత్తం 15 లక్షలు ఎఫ్‌డీలో ఉంటే చాలు, 35 రెట్లు అక్కర్లేదు.

లెక్కల మాస్టారు:
15 లక్షలతో అయిపోదండీ. 40లో ఆగిపోయిన జీతం, దాని మీద పెరగాల్సిన సొమ్ము, తిరిగి చేరేటప్పుడు తగ్గే ప్యాకేజీ, అవన్నీ కలపాలి. పైగా 40 దాటాక రెజ్యూమెలో ఏడాది ఖాళీ కనిపిస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే.

నన్నడిగితే వరస వేరు. ఇదే ఇల్లు ఇంకో అయిదేళ్లు పనిచేసి, ఏటా 10 లక్షలు కొత్తగా దాచితే, ఇవాళ్టి ధరల్లో 2.89 కోట్లవుతుంది. అంటే 50లో దాదాపు 27 రెట్లు. 70లో అయిపోయే సొమ్ము 88 దాకా వస్తుంది. అయిదేళ్ల పనికి పద్దెనిమిదేళ్ల తిండి. 35 రెట్లన్న నా గీత దాటలేదు గానీ, ఇంతకంటే మంచి బేరం నాకు కనపడలేదు.

గోదారిగట్టు:
మాస్టారి బేరంలో ఆ అయిదేళ్ల ధర సున్నా అని వేశారు. 45 నుంచి 50 దాకా ఉన్న అయిదేళ్లూ, 83 నుంచి 88 దాకా ఉన్న అయిదేళ్లూ ఒకటేనా? నడవలేని అయిదేళ్ల కోసం నడవగలిగే అయిదేళ్లు అమ్ముకోమంటున్నారు.

మధ్యే మార్గం ఒకటుంది. 45లో పూర్తి ఉద్యోగం వదిలి, కన్సల్టింగో బోధనో చేస్తూ ఏటా 5 లక్షలు, అదీ ధరలతో పాటు పెరిగేలా, పదేళ్లు సంపాదిస్తే సొమ్ములోంచి ఏటా 5.8 లక్షలే తీయాలి. అప్పుడు 70 కాస్తా 78 అవుతుంది.

లెక్కల మాస్టారు:
78 తర్వాత?

నాగావళి:
83లో మందులు కొనలేని పరిస్థితి వస్తే చూసుకునేది కోడలో కూతురో. నడవలేని అయిదేళ్లు అని తీసిపారేయకండి, ఆ అయిదేళ్లు ఇంకొకరి నడి వయసు మీద పడతాయి. ఈ విషయంలో మాస్టారి పక్షమే. విరామం విషయంలో మాత్రం పైరగాలి గారి మాట నచ్చింది, దంపతులిద్దరూ ఒకే ఏడాది కాకుండా చెరో ఏడాది తీసుకునేట్టయితే. ఒక జీతం నడుస్తుంది, ఆఫీసు బీమా నడుస్తుంది, ఇంట్లో ఉన్నవాళ్లకి ఇల్లు నడపడమంటే ఏమిటో తెలిసొస్తుంది.

బందరు లడ్డు:
సరే, ఒకరు విరామం తీసుకుంటారనుకుందాం. పీఎఫ్ తీసేసి ఆ 15 లక్షలు సర్దుకోవచ్చా? బీమా సంగతేంటి? ఇద్దరివీ ఆఫీసు పాలసీలే అయితే?

పైరగాలి:
పీఎఫ్ ముట్టుకోవద్దు. మొత్తం సర్వీసు అయిదేళ్లు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. నిండాక తీసినా, పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటే ఆ సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు, కొత్త సర్వీసు కలుస్తాయి. పదేళ్లు నిండితే 58 నుంచి పింఛను. అది పెద్ద మొత్తమేం కాదు. 15 వేల జీతం పరిమితి మీద 18 ఏళ్ల సర్వీసుకు 15,000 × 18 ÷ 70, నెలకు 3,857 రూపాయలు. విరామంలో ఖాతాలో పడే వడ్డీ మీద పన్ను ఉంటుంది, రిటర్నులో చూపించాలి. రాజీనామా చేసి వేరేచోట చేరితే గ్రాట్యుటీకి అయిదేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నాలుగో ఏడు నడుస్తుంటే అయిదు నిండేదాకా ఆగి కాగితం పెట్టండి.

ఇంకొకటి, ఉద్యోగంలో ఉండగా పీఎఫ్‌తో పాటు 7 లక్షల దాకా వచ్చే జీవిత బీమా ఉంటుంది. మానేశాక అది ఉండదు. ఇంటి అప్పు మీదుంటే టర్మ్ పాలసీ (మనిషి పోతేనే సొమ్మిచ్చే జీవిత బీమా) జీతం వస్తుండగానే తీసుకోవాలి. ఆదాయ రుజువు లేనివాళ్లకి పెద్ద మొత్తానికి ఇవ్వడం కష్టం.

ఆరోగ్య బీమాలో చేసే పెద్ద పొరపాటు, ఆఫీసు పాలసీ ఉంది కదా అని సొంతది తీసుకోకపోవడం. ముందే ఉన్న జబ్బులకు కంపెనీలు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. 40లో విరామం అనుకుంటే 36లోనే ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ, తీసుకోండి. ఆ మూడేళ్లూ ఆఫీసు పాలసీ నీడలో గడిచిపోతాయి. బీపీ, షుగర్ ఉంటే దరఖాస్తులో రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి, దాచితే క్లెయిము తిరగ్గొట్టవచ్చు.

పాలమూరు పిల్లగాడు:
మరి అమ్మానాయినలు? వాళ్లు ఆఫీసు పాలసీలనే ఉంటరు, 68 ఏండ్లు, షుగరు, స్టెంటు. బయట కొత్తగ ఎవరిస్తరు?

పైరగాలి:
కొత్తగా అడిగితే కాదంటారు, లేదా ప్రీమియం తట్టుకోలేం. అందుకే కొత్తగా అడక్కూడదు. అదే బీమా కంపెనీలో ఆఫీసు గ్రూపు పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది, ఆగిన కాలం కూడా లెక్కలోకి వస్తుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది వాళ్ల అండర్‌రైటింగ్ (ఆరోగ్యం, రిస్కు చూసి నిర్ణయించడం) మీద ఉంటుంది గనక, నోటీసు పీరియడ్ మొదటి వారంలోనే హెచ్ఆర్ దగ్గర ఎన్నేళ్లుగా కవర్ ఉందో ఉత్తరం తీసుకుని దరఖాస్తు పెట్టండి. ఆఖరి రోజు దాటితే ఆ దారి మూసుకుపోయినట్టే. జవాబు వచ్చేదాకా రాజీనామా తేదీ ఖాయం చేసుకోకపోవడం ఇంకా మంచిది. 70 నిండాక ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చుకు కవర్ వస్తుంది, ఆధార్‌తో కార్డు తీయించుకోవాలి. మీరు చెప్పినవాళ్లకి ఇంకా రెండేళ్లుంది. పాలసీ మారడం కుదరకపోతే, ఆ రెండేళ్లు ఆగి విరామం తీసుకోమంటాను.

గోదారిగట్టు:
రెండేళ్లు ఆగితే మీ లెక్క ప్రకారమే పిల్లాడు హాస్టల్లో ఉంటాడు కదండీ.

పైరగాలి:
ఉంటాడు. అలాంటి ఇంట్లో తల్లిదండ్రుల బీమా ఉన్నవాళ్లు ఉద్యోగంలో ఉండి, రెండోవాళ్లు మానేయాలి. ఇద్దరి పాలసీ కాగితాలూ ముందేసుకుని, పెద్దవాళ్ల పేర్లు ఎందులో ఉన్నాయో చూడండి.