లోడ్‌తో ఎత్తెక్కుతుంటే ఐఏటీ2 78 డిగ్రీలు: హీట్ ఎక్స్‌ఛేంజర్ పెద్దది వేయాలా?

బూస్ట్‌గేజ్:
6.2 లీటర్ల వీ8 ట్రక్కు, పైన ట్విన్ స్క్రూ సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది), దాని కింద మానిఫోల్డ్‌లోనే ఆ గాలిని చల్లార్చే నీళ్ల ఇంటర్‌కూలర్. రేడియేటర్ ముందు ఆ నీళ్ల వేడిని బయటికి వదిలే హీట్ ఎక్స్‌ఛేంజర్, 12 వోల్టుల పంపు, చిన్న ట్యాంకు ఉన్నాయి. ఖాళీ బండికి ఇబ్బంది లేదు. ట్రెయిలర్‌తో ఎత్తు రోడ్డు ఎక్కితే, బూస్ట్ (నొక్కిన గాలి ప్రెషర్) 6 పీఎస్‌ఐ దగ్గర నిలకడగా ఉన్నప్పుడు ఐఏటీ1 (సూపర్‌ఛార్జర్‌లోకి వెళ్లే గాలి టెంపరేచర్) 33, ఐఏటీ2 (ఇంటర్‌కూలర్ దాటాక గాలి టెంపరేచర్) 78 చూపిస్తోంది. ఎంఏఎఫ్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి) సెకనుకు 200 గ్రాములు. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించేస్తోంది, లాగుడు పోతోంది. హీట్ ఎక్స్‌ఛేంజర్ మార్చాలా, ట్యాంకు పెంచాలా?

నాలుగోగేర్:
ఇప్పుడే ఏదీ కొనకండి. 33 డిగ్రీల గాలిని 6 పీఎస్‌ఐకి నొక్కితే, బ్లోయర్ (సూపర్‌ఛార్జర్) ఎఫిషియెన్సీ 60 శాతం అనుకున్నా బయటికొచ్చే గాలి 85 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఇంటర్‌కూలర్ దాటాక మీకు 78 వస్తోంది. అంటే అది లాగేస్తున్న వేడి ఏడు డిగ్రీలకు మించి లేదు, ఉన్నా లేనట్టే. హీట్ ఎక్స్‌ఛేంజర్ కాస్త చిన్నదైనంత మాత్రాన ఇంత ఘోరంగా ఉండదు. నా అనుమానం నీళ్లు తిరగడం మీదే.

హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి వెళ్లే పైపు, బయటికొచ్చే పైపు, రెండింటి టెంపరేచర్ లోడ్ మీద ఉండగానే తీయండి. రెండూ వేడిగా, దాదాపు సమానంగా ఉంటే నీళ్లు తిరుగుతున్నాయి కానీ వేడి బయటికి పోవట్లేదని లెక్క: ఫిన్ల మధ్య మట్టి, పురుగులు, వంగిన ఫిన్లు, లేదా గాలి కోర్‌లోంచి కాక పక్కల నుంచి జారిపోవడం. తేడా చాలా ఎక్కువ ఉంటే నీళ్లు నత్తనడక నడుస్తున్నట్టు.

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మెరిసే అల్యూమినియం మీద కొడితే తప్పు రీడింగ్ వస్తుంది. అక్కడ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొట్టాలి. అంతకన్నా రెండు థర్మోకపుల్స్‌ను (టెంపరేచర్ కొలిచే వైరు సెన్సార్లు) మెటల్ ఫిట్టింగులకు టేపు వేసి, పైన ఫోమ్ చుట్టి, వైర్లు క్యాబిన్‌లోకి తెచ్చుకుంటే మేలు.

రేడియేటర్‌మూత:
ట్యాంకు సంగతి నేను చెప్తాను, చాలామంది ఇక్కడే డబ్బు పోసేస్తారు. ఇంటర్‌కూలర్ సరిగా పనిచేసి మీ గాలిని 85 నుంచి 45కి దించుతుంటే నీళ్లలోకి వెళ్లే వేడి 8 కిలోవాట్లు. సగం నీళ్లు, సగం గ్లైకాల్ ఉన్న 8 లీటర్లు అదనంగా పోశారనుకోండి, ఆ 8 లీటర్లు నాలుగు సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతాయి. ఇరవై డిగ్రీలు పెరగడానికి నిమిషం పావు. డ్రాగ్ రేసుకైతే అది బోలెడు, ట్యాంకులో ఐసు వేసేదీ అందుకే. పది నిమిషాల ఎత్తుకు మాత్రం దండగ. ట్యాంకు వేడిని దాచుకుంటుంది, బయటికి పంపదు. ఆ పని హీట్ ఎక్స్‌ఛేంజర్‌దే.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది: నీళ్లు మరీ జోరుగా పోతే చల్లబడే తీరిక ఉండదని. తప్పండీ. నీళ్లు తిరిగి తిరిగి వస్తూనే ఉంటాయి కదా, ఫ్లో పెరిగితే మొత్తం మీద వేడి ఎక్కువే పోతుంది.

బూస్ట్‌గేజ్:
థర్మోకపుల్స్ పెట్టి చూశాను. అదే ఎత్తు మీద హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి వెళ్లేది 71, బయటికొచ్చేది 47. పంపు శబ్దం మాత్రం వినిపిస్తోంది, ఫ్యూజు బాగానే ఉంది.

నాలుగోగేర్:
దొరికింది. 24 డిగ్రీల తేడా! హీట్ ఎక్స్‌ఛేంజర్ శుభ్రంగా పనిచేస్తోంది, దానికి నీళ్లే అందట్లేదు. మీ గాలి వదులుతున్న వేడి 1.4 కిలోవాట్లు, దాన్ని ఈ తేడాతో భాగిస్తే ఫ్లో నిమిషానికి లీటరు చుట్టూ తేలుతుంది. 20 లీటర్లు తిరిగితే పూర్తి 8 కిలోవాట్ల మీద కూడా తేడా ఆరేడు డిగ్రీలే.

ఇంజిన్ ఆపి, చల్లారాక, ట్యాంకులోకి వచ్చే రిటర్న్ పైపు ఊడదీసి కొలత గీతలున్న బకెట్‌లో పెట్టండి. ట్యాంకులో నీళ్లు అడుగంటకుండా పోస్తూ పంపును 15 సెకన్లు తిప్పి, వచ్చినదాన్ని నాలుగుతో గుణించండి. తక్కువొస్తే ముందు పంపు తిరుగుతుండగానే దాని కనెక్టర్ దగ్గర వోల్టేజీ చూడండి. పంపు ఎప్పుడైనా మార్చి ఉంటే ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమో కూడా. బ్రష్‌ల మోటారైతే తిరగబడి తిరుగుతుంది, శబ్దం మామూలుగానే వస్తుంది, ఇంపెల్లర్ మాత్రం నీళ్లను సరిగా తోయదు.

రేడియేటర్‌మూత:
వైరింగ్ సరిగా ఉంటే గాలి బుడగ. సెంట్రిఫ్యూగల్ పంపు గాలిని తోయలేదు, అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది. పంపు ట్యాంకు కన్నా కిందనే ఉండాలి. బండి ముందు భాగం ఎత్తి, ఫిల్లింగ్ మూత సర్క్యూట్‌లో అన్నిటికన్నా పైకి వచ్చేలా పెట్టి, పంపును ఆన్ ఆఫ్ చేస్తూ పైపులు చేత్తో నొక్కుతూ పోయండి. వ్యాక్యూమ్ ఫిల్లర్ ఉంటే ఒక్కసారిలో అయిపోతుంది.

గాలి తీసిన వారానికే మళ్లీ చేరిందంటే అనుమానించాల్సింది ఇంటర్‌కూలర్ కోర్‌నే. అది చిల్లిపడితే బూస్ట్‌లో గాలి నీళ్లలోకి దూరి ట్యాంకులో బుడగలొస్తాయి, బూస్ట్ లేనప్పుడు మానిఫోల్డ్ వ్యాక్యూమ్ నీళ్లను లోపలికి పీల్చేస్తుంది. కింద చుక్క కారకుండానే లెవెల్ తగ్గుతుంటే అదే. ప్రెషర్ టెస్టర్ చేతిపంపుతో ఆ నీళ్ల సర్క్యూట్‌కు ప్రెషర్ ఎక్కించి, మూత మీద రాసున్న ప్రెషర్ దాటకుండా, అరగంట పట్టి చూడండి. ముల్లు దిగిందా, ఎక్కడా తడి కనిపించట్లేదా, ఇక స్టార్ట్ చేయొద్దు. సిలిండర్‌లో నీళ్లు నిలిచి ఉంటే స్టార్టర్ తిప్పిన మొదటి చుట్టుకే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి చూడండి.