వృత్తి డీజే పరికరాలకు పెట్టే లక్షలు నిజంగా గిట్టుబాటు అవుతాయా?

హనుమకొండ కంట్రోలర్ (చర్చ ప్రారంభం)

నేను నాలుగేళ్లుగా పెళ్లి బరాత్‌లకు, హల్దీ, సంగీత్ వేడుకలకు డీజేగా పనిచేస్తున్నాను. నా దగ్గర ఉన్నది లాప్‌టాప్‌కు తగిలించుకుని, అందులోని పాటలను మీటలతో నడిపించే చిన్న కంట్రోలర్ ఒక్కటే. దాన్ని ముప్పై వేల లోపు కొన్నాను. బాక్సులు, యాంప్లిఫయర్లు, జనరేటర్, డీసీఎం బండి అన్నీ సౌండ్ యజమానివి. పాటలు కలపడం వరకే నా పని. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక దుకాణానికి వెళ్లి, పబ్బుల్లో కనిపించే, పెన్ డ్రైవ్‌లోని పాటలను వాయించే పయొనీర్ సీడీజే-3000 ప్లేయర్లు రెండు, వాటికి తగిన నాలుగు ఛానెళ్ల మిక్సర్ ఒకటి కలిపి ఎంతవుతుందని అడిగితే, ఆరు లక్షలు దాటిన లెక్క రాసి చేతిలో పెట్టారు. ఫైనాన్స్ కూడా చూపిస్తామన్నారు. ఆ డబ్బుంటే ఊరి బయట ప్లాటుకు బయానా కట్టవచ్చు కదా అని నాన్న అంటున్నారు. ఆయన మాటను కొట్టిపారేయలేకపోతున్నాను. అలాగని పెద్ద పరికరం మీద పనిచేయాలన్న కోరికనూ వదులుకోలేకపోతున్నాను. ఆ ధరలో మనకు దక్కేది ఏమిటో, కంపెనీ పేరుకు కట్టేది ఎంతో అనుభవజ్ఞులు విడదీసి చెప్పగలరా?

సికింద్రాబాద్ టర్న్‌టేబుల్

తమ్ముడూ, ధర చూడగానే గుండె జారడం సహజమే. అయితే పరికరం ధరను కొన్న రోజుతో కాక, అది పనిచేసిన ఏళ్లతో లెక్కపెట్టాలని నా నమ్మకం. ఇందుకు రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 కంటే మంచి సాక్ష్యం లేదు. జపాన్‌కు చెందిన మత్సుషిత సంస్థ దాన్ని 1972లో ఇళ్లలో పాటలు వినేవారి కోసం విడుదల చేసింది. అప్పటి చాలా టర్న్‌టేబుళ్లలో మోటారుకూ పళ్లేనికీ మధ్య రబ్బరు బెల్టు ఉండేది. చేత్తో రికార్డును ఆపి, వెనక్కి తిప్పి వదిలితే ఆ బెల్టు జారేది, సాగేది, పళ్లెం మళ్లీ వేగం అందుకోవడానికి ఆలస్యమయ్యేది. ఎస్‌ఎల్-1200లో పళ్లేన్ని మోటారే నేరుగా తిప్పుతుంది. 1979లో వచ్చిన ఎంకే2 నమూనాలో పళ్లెం ఆగిన స్థితి నుండి నిమిషానికి 33⅓ చుట్ల వేగాన్ని 0.7 సెకనులో అందుకునేది. వేగాన్ని ఎనిమిది శాతం పైకీ కిందికీ మార్చే పొడవాటి స్లైడరు కూడా దానికి అమర్చారు. రెండు పాటల తాళాన్ని చెవితో సరిచూసి కలిపే విద్య ఆ స్లైడరు మీదే స్థిరపడింది. 2010లో తయారీ ఆపేసిన సంస్థ, గిరాకీ తగ్గకపోవడంతో 2016లో మళ్లీ అదే పేరుతో టర్న్‌టేబుల్ తెచ్చింది.

నా దగ్గరున్న ఎంకే2 జతను నేను మూడో యజమానిగా కొన్నాను. ఇన్నేళ్లలో సూది, తీగలు మార్చాను తప్ప మోటారును ముట్టుకోలేదు. అగ్గువ పరికరం మూడేళ్లకోసారి పారేసి మళ్లీ కొంటూ పోతే, చివరకు ఏది ఖరీదైనదో మీరే లెక్క వేసుకోండి.

మలక్‌పేట మిక్స్

పెద్దాయన చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. ఆ టర్న్‌టేబుల్ లోహంతో చేసిన యంత్రం. దానికి తెర లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, కాబట్టి కాలం చెల్లడమనేది దాదాపు లేదు. ఈనాటి ప్లేయరు అలాంటిది కాదు, అది తిరిగే చక్రం ఉన్న కంప్యూటరు. పయొనీర్ సీడీజే-1000 వచ్చింది 2001లో, సీడీజే-2000 వచ్చింది 2009లో, దాని నెక్సస్ 2 రూపం 2016లో, సీడీజే-3000 2020లో. కొత్తది వచ్చిన ప్రతిసారీ పాతదాని ధర పడిపోతుంది, పబ్బులు కూడా కొత్తదే అడుగుతాయి. యాభై ఏళ్ల టర్న్‌టేబుల్‌ను చూపించి వీటి మన్నికను సమర్థించడం సరికాదు.

అసలు విషయం శబ్ద నాణ్యత. సీడీజే-3000 తన లోపలి లెక్కలన్నీ 96 కిలోహెర్ట్జ్ వద్ద, అంటే శబ్దాన్ని సెకనుకు 96 వేల ముక్కలుగా కొలుస్తూ చేస్తుంది, గొప్ప సంగతే. కానీ మనం దానిలో పెట్టే పాట ఏది? ఎక్కడి నుంచో దించుకుని, ఒక రూపం నుంచి మరో రూపంలోకి రెండు మూడు సార్లు మార్చిన ఎంపీ3. మార్చిన ప్రతిసారీ అందులో కొంత సమాచారం పోతుంది, పోయినదాన్ని ఏ ప్లేయరూ తిరిగి తేలేదు. దాన్ని పూర్తి శక్తితో మోగుతున్న బేస్ బాక్సుల ముందు, డప్పుల మధ్య, రోడ్డు మీద వినేవారికి ముప్పై వేల కంట్రోలరుకూ రెండు లక్షల ప్లేయరుకూ తేడా తెలుస్తుందని నేను ఒప్పుకోను. పాటలు డబ్బు పెట్టి అసలు నాణ్యతలో కొనుక్కుంటే వచ్చే మెరుగుదల పరికరం మారిస్తే రాదు.

ఇంకొక మాట. ఈ కళను పుట్టించినవారి చేతిలో లక్షల సామగ్రి లేదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో కూల్ హెర్క్ చేసిన వేడుకను హిప్‌హాప్ పుట్టుకగా చెప్పుకుంటారు. అక్కడే పెరిగిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, ఒక పాట మోగుతుండగానే రెండో రికార్డును చెవిలో ముందుగా వినడానికి కావలసిన స్విచ్చును తానే తయారు చేసుకున్నాడు. ఎలక్ట్రానిక్స్ చదువు, చెవి, ఓపిక అతని పెట్టుబడి.

బాక్సుల యజమాని, కరీంనగర్

ఇద్దరూ నాణ్యత, మన్నిక అంటున్నారు. నేను బరాత్ గురించి చెబుతాను, ఎందుకంటే ప్రశ్న అడిగిన తమ్ముడి అన్నం అక్కడ ఉంది.

డీసీఎం మీద పరికరానికి ముగ్గురు శత్రువులు ఉంటారు: దుమ్ము, కుదుపు, జనరేటర్ నుండి ఎగుడుదిగుడుగా వచ్చే కరెంటు. రెండేళ్ల కిందట వైశాఖంలో నా బండి మీద పనిచేస్తున్న డీజే లాప్‌టాప్ వేడెక్కి, పెండ్లికొడుకు గుర్రం మీద ఉండగానే ఆగిపోయింది. మళ్లీ మొదలవడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాల నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. పిల్లల ఊపు పోయింది, పెద్దలు మొహం చిట్లించారు, మాట్లాడుకున్న పైకంలో నాలుగో వంతు కోసుకున్నారు. దానికంటే ఎక్కువగా, ఆ ఇంటి చుట్టాల్లో ఎవరూ ఆ తర్వాత నాకు ఫోను చేయలేదు.

కనుక ఖరీదైన ప్లేయరులో నాకు కనిపించే అసలు విలువ లాప్‌టాప్ అక్కరలేకపోవడమే. పెన్ డ్రైవ్ పెడితే చాలు, తనంత తానే పాడుతుంది. అయితే ఆ గుణం కోసం ఆరు లక్షలు పెట్టనవసరం లేదు. రెండు డెక్కులు, మిక్సరు ఒకే పెట్టెలో ఉండి, లాప్‌టాప్ లేకుండా నడిచే పరికరాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. 2015లో ఎక్స్‌డీజే-ఆర్‌ఎక్స్ వచ్చింది, 2019లో డెనాన్ ప్రైమ్ 4 నాలుగు డెక్కులతో వచ్చింది. వాటిలో ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని, పక్కన నీ పాత కంట్రోలర్‌ను సిద్ధంగా ఉంచుకుంటే, ఒకటి ఆగినా రెండోది పలుకుతుంది. జనరేటర్ కరెంటు కట్టు తప్పితే రెండు లక్షల ప్లేయరు కూడా ముప్పై వేలదానిలాగే కాలిపోతుంది. అందుకని ముందు మంచి స్టెబిలైజరు, ఒక యూపీఎస్ కొను.

విజయవాడ స్క్రాచ్

ఒక మినహాయింపు చెప్పి తప్పుకుంటాను. స్క్రాచింగ్, అంటే రికార్డును ముందుకూ వెనక్కీ రాస్తూ శబ్దాలు పుట్టించడం, చేసేవారికి క్రాస్‌ఫేడరే వాయిద్యం. మిక్సరులో ఒక పాట నుంచి మరో పాటకు శబ్దాన్ని మార్చే జారుడు మీట అది. మామూలు ఫేడరులో లోహపు ముక్క కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ కదులుతుంది. రోజుకు రెండు గంటల సాధనతో ఆ పట్టీ అరిగి, కొన్ని నెలల్లోనే చిటపటలు మొదలవుతాయి. ఖరీదైన మిక్సర్లలో అయస్కాంతంతో స్థానాన్ని గుర్తించే ఫేడరు ఉంటుంది, అందులో రాపిడి లేదు కనుక అరుగుదలా లేదు. ఆ తేడా నా వేళ్లకు తెలుస్తుంది, దానికి పెట్టిన డబ్బుకు నేను ఒక్కరోజూ విచారించలేదు. బరాత్‌లో స్క్రాచింగ్ ఎంత అవసరమో మీరే నిర్ణయించుకోవాలి.

సికింద్రాబాద్ టర్న్‌టేబుల్

మలక్‌పేట వారు ఒక ముఖ్యమైన సంగతిని పక్కన పెట్టారు. పబ్బులో, రిసార్టులో పనిచేయాలంటే అక్కడ ఉండేది ఈ సీడీజే జాతి ప్లేయర్లే. డీజే ఇంటి దగ్గర పాటలను ముందుగా విశ్లేషించి, క్యూ పాయింట్లు (పాటను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలిపే గుర్తులు) పెట్టుకుని, పెన్ డ్రైవ్‌లో తీసుకువెళతాడు. ఏ ఊళ్లో, ఏ దేశంలో నిలబడినా అవే మీటలు అవే చోట్ల ఉంటాయి. ప్లేయర్లను తీగతో కలిపితే ఒకే పెన్ డ్రైవ్ అన్నింటికీ సరిపోతుంది. చీకట్లో, జనం మధ్య, చూడకుండా చెయ్యి సరైన మీట మీదికి పోవాలంటే ఆ పరికరంతో ఏళ్ల తరబడి చనువు ఉండాలి. చిన్న కంట్రోలరు మీద నేర్చుకున్న కుర్రవాడు మొదటిసారి పెద్ద ప్లేయరు ముందు నిలబడి తడబడటం నేను చాలాసార్లు చూశాను.

మలక్‌పేట మిక్స్

అది నేను కాదనను. కానీ పబ్బులో ఆ ప్లేయర్లను కొనేది పబ్బు యజమాని, డీజే కాదు. డీజే తెచ్చుకునేది పెన్ డ్రైవ్, హెడ్‌ఫోన్లు. అందరూ ఒకే పరికరం మీద నేర్చుకున్నారు కాబట్టి అందరూ అదే అడుగుతారు, అందరూ అదే అడుగుతారు కాబట్టి పయొనీర్ సంస్థ ఎంత చెబితే అంతే ధర. సీడీజే-3000 అమెరికాలో విడుదలైనప్పుడు ఒక్కొక్కటి 2,299 డాలర్లు; అంతకు రెండేళ్ల ముందు అదే సంస్థ మీటలను దాదాపు అదే క్రమంలో అమర్చి ఇచ్చిన డీడీజే-400 కంట్రోలరు 249 డాలర్లే. మీరు చెప్పిన చనువులో చాలా భాగం ఆ చిన్నదాని మీదే వస్తుంది. మిగిలిన భాగానికి అద్దె స్టూడియోలు ఉన్నాయి.

డల్లాస్ తెలుగు డీజే

ఇక్కడి తెలుగు పెళ్లిళ్లకు వారాంతాల్లో వాయిస్తుంటాను. నేను పెద్ద ప్లేయర్లను ఇప్పటిదాకా కొనలేదు. కావాలన్న వేడుకకు అద్దెకు తెచ్చి, ఆ అద్దెను ఒప్పందంలోనే విడిగా చూపిస్తాను. అడిగినవారు కడతారు, అడగనివారికి కంట్రోలరు సరిపోతుంది. పరికరం పేరు అడిగే కుటుంబం నాకు ఏడాదికి ఒకటో రెండో తగులుతుంది.

బాక్సుల యజమాని, కరీంనగర్

ఇంకొక లెక్క ఎవరూ వేయలేదు, దాన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. మన పని ముహూర్తాల మీద నడుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పుష్యంలో ఉండవు, భాద్రపదంలో ఉండవు. మధ్యలో గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే మరికొన్ని వారాలు పోతాయి. ఫైనాన్స్ వాయిదా మాత్రం పన్నెండు నెలలూ నెల మొదట్లోనే వస్తుంది. భాద్రపదంలో వినాయక నిమజ్జనాలు ఆదుకుంటాయని ఒకప్పుడు ధైర్యంగా ఉండేవాళ్లం. 2024 అక్టోబరు 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చిన తర్వాత ఆ ధైర్యం సన్నగిల్లింది. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్న నియమం 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమావళిలోనే ఉంది. మన బరాత్‌లు తొమ్మిదిన్నరకు కదిలితే గొప్ప. ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న వీధుల్లో ఆ నియమం న్యాయమైనదేనని నేను ఒప్పుకుంటాను, నా ఆదాయం తగ్గినా సరే. కానీ సంపాదించే గంటలు తగ్గుతున్న కాలంలో ఆరు లక్షల అప్పు మీద సంతకం పెట్టమని తమ్ముడికి నేను చెప్పలేను. ముందు ఏడాదిలో నీకు దొరికిన ముహూర్తాలు ఎన్ని, ఒక్కోదానికి ఖర్చులు పోగా మిగిలింది ఎంత, కాగితం మీద రాసి చూడు.

హనుమకొండ కంట్రోలర్

అన్నగారు చెప్పినట్టు రాసి చూశాను. కిందటి ఏడాది ముప్పై ఎనిమిది కార్యక్రమాలు. వాటిలో ఒక్కదానిలో కూడా పరికరం గురించి ఎవరూ అడగలేదు. నాలుగు చోట్ల మాత్రం ఫలానా పాట లేదని చిన్నబుచ్చుకున్నారు, రెండు చోట్ల లాప్‌టాప్ ఆగింది. నా డబ్బు ఎక్కడికి వెళ్లాలో ఈ లెక్కలోనే ఉంది.

సెకండ్‌హ్యాండ్‌లో ఒకే పెట్టె పరికరం చూస్తున్నాను, దానితో పాటు యూపీఎస్ తీసుకుంటాను. మిగిలిన దానిలో కొంత పాటలు కొనడానికి. సికింద్రాబాద్ పెద్దాయన మాట కూడా వదల్లేదు: మాఘంలో శామీర్‌పేట వైపు ఒక రిసార్టులో పిలుపు ఉంది, అక్కడ ఉండేవి సీడీజేలే. అందుకని ఈ నెల నుంచి ప్రతి మంగళవారం హైదరాబాద్ వెళ్లి, గంటల లెక్కన అద్దెకిచ్చే చోట వాటి మీద సాధన చేయడానికి మాట్లాడుకున్నాను. నాన్న ఈ ఏర్పాటుకు ఒప్పుకున్నారు. ఒకే పెట్టె పరికరాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ముందుగా ఏ మీటలు, ఏ పోర్టులు పరీక్షించాలో కరీంనగర్ అన్నగారు చెబితే ఈ ఆదివారమే వెళ్లి చూసి వస్తాను.

బాక్సుల యజమాని, కరీంనగర్

పెన్ డ్రైవ్ పోర్టులో డ్రైవ్‌ను పెట్టి మెల్లగా కదిపి చూడు, పాట ఆగితే వదిలెయ్. జాగ్ వీల్‌ను, అంటే పాటను చేత్తో ముందుకూ వెనక్కీ జరిపే చక్రాన్ని, రెండు వైపులా తిప్పి చూడు, ఫేడర్లను గుడ్డిగా పది సార్లు ఆడించి చిటపట వస్తుందేమో హెడ్‌ఫోన్లలో విను. గంటసేపు ఆపకుండా మోగించమని అడుగు. మంచి వస్తువైతే అమ్మేవాడు కాదనడు. ఆదివారం ఉదయం నాకు ఖాళీయే, కావాలంటే నేనూ వస్తాను.