ఇన్విన్సిబుల్: ఓమ్ని-మ్యాన్ గుట్టు మొదటి ఎపిసోడ్‌లోనే విప్పేయడం సరైనదేనా? (స్పాయిలర్లు ఉన్నాయి)

అట్టపెట్టె_కామిక్స్:
మొదటి సీజన్ చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, తర్వాత నన్ను తిట్టొద్దు.

రాబర్ట్ కిర్క్‌మన్ కామిక్ 2003లో మొదలై 2018లో 144వ సంచికతో ముగిసింది. అందులో ఓమ్ని-మ్యాన్ గార్డియన్లను, అంటే భూమిని కాపాడే సూపర్‌హీరోల జట్టును, చంపేది ఏడో సంచికలో. అప్పటిదాకా అదొక సరదా ఇల్లు. నాన్న ఓమ్ని-మ్యాన్ సూపర్‌హీరో, కొడుకు మార్క్‌కి కొత్తగా శక్తులొచ్చాయి, లోకాన్ని కాపాడటం గురించి కూరలో ఉప్పు గురించి మాట్లాడినంత తేలిగ్గా మాట్లాడుకుంటారు. ఆరు సంచికలు ఆ ఇంట్లో తిరిగి, ఆ నాన్న మీద ఇష్టం పెంచుకున్నాక పిడుగు పడుతుంది. 2021లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన యానిమేటెడ్ సిరీస్ ఆ పిడుగును మొదటి ఎపిసోడ్ చివర్లోనే, అదీ పేర్లు పడటం మొదలయ్యాక, వేసేసింది. ఇంకా ఇష్టం పుట్టని మనిషి మోసం చేస్తే నాకేం బాధ? నా దృష్టిలో ఇది ప్రేక్షకుడు రెండో ఎపిసోడ్ నొక్కాలని వేసిన ఎర.

నైట్‌షిఫ్ట్_నాని:
ఎర అయితే ఏంటి అన్నా, నేను పడ్డాను కదా. తెల్లారి నాలుగింటికి మూడో ఎపిసోడ్ అయిపోయింది. మొదటి రోజు మూడే వదిలారు, లేకపోతే ఆ రోజు ఆఫీసుకు సెలవే.

శనివారం_కార్టూన్:
అట్టపెట్టె గారూ, కామిక్‌లో కూడా ఏడు నుంచి పదకొండో సంచిక దాకా మనకు తెలుసు, మార్క్‌కి తెలియదు. అంటే ఆ గుబులు కిర్క్‌మన్ అప్పుడే పెట్టాడు. సిరీస్ దాన్ని సాగదీసింది, అంతే. హరికథకు కూర్చున్నవాళ్లందరికీ అభిమన్యుడు పద్మవ్యూహంలోంచి బయటికి రాడని తెలుసు. తెలిసే ఏడుస్తారు.

ఇంకో మాట. ఆ సాగదీయడం వల్ల బాగుపడింది మార్క్ వాళ్లమ్మ డెబ్బీ పాత్ర. కామిక్‌లో ఆవిడకు పెద్దగా పనిలేదు. సిరీస్‌లో మొగుడి మీద అనుమానం, దాచిన నెత్తుటి బట్టలు దొరకడం, అయినా మరుసటి పూట అతని ఎదురుగా కూర్చోవడం... డెబ్బీకి గొంతిచ్చిన నటి శాండ్రా ఓ మాటల్లో ఆ వణుకు వినండి. మనకు ముందే తెలియకపోతే ఈ సీన్లేవీ పండవు.

అట్టపెట్టె_కామిక్స్:
డెబ్బీ విషయంలో మీదే పైచేయి, ఒప్పుకుంటున్నా. హరికథ పోలిక మాత్రం కుదరదు. అభిమన్యుడి కథ మొదటిసారి వినే పిల్లవాడొకడు ఉంటాడు కదా, వాడి సంగతేంటి? నేను ఏడో సంచిక చదివినప్పుడు ఆ పిల్లవాడిని నేను.

గోథమ్_గుంటూరు:
మీరంతా ‘మార్చొచ్చా, మార్చకూడదా’ అనుకుంటున్నారు. 1992లోనే తేలిపోయిన గొడవ ఇది. బ్యాట్‌మన్ యానిమేటెడ్ సిరీస్‌కు ముందు మిస్టర్ ఫ్రీజ్ ఎవరు? మంచు తుపాకీ పట్టుకున్న ఒక ఉత్త దొంగ. రచయిత పాల్ డీని ఒక్క ఎపిసోడ్‌లో వాడికి జబ్బుపడ్డ భార్య నోరాను ఇచ్చాడు, తర్వాత కామిక్సే ఆ కథను తెచ్చుకున్నాయి. జోకర్ తోడుదొంగ హార్లీ క్విన్ అయితే పుట్టిందే కార్టూన్‌లో! మరుసటి ఏడాదికి కామిక్‌లోకి వెళ్లింది.

నైట్‌షిఫ్ట్_నాని:
మరి మార్క్ గర్ల్‌ఫ్రెండ్ అంబర్? నెలలపాటు మార్క్ అబద్ధాలు చెప్పాడని కోప్పడి, చివరికి ‘నాకు ముందే తెలుసు’ అంటుంది. తెలిస్తే ఆ గొడవంతా దేనికమ్మా? కామిక్‌లో మార్క్ నిజం చెబితే ఆ పిల్ల హాయిగా తీసుకుంటుంది. ప్రతి మార్పూ ఫ్రీజ్ అవ్వదు బ్రో.

గోథమ్_గుంటూరు:
అంబర్‌ని నేను వెనకేసుకురాను. ఎవరూ రాలేరు.

శనివారం_కార్టూన్:
గార్డియన్ల సీన్‌లో జరిగిన మార్పు కూడా చూడండి. కామిక్‌లో వాళ్లకు చేయి ఎత్తే వ్యవధి కూడా ఉండదు. సిరీస్‌లో ఎదురు తిరుగుతారు, ఓమ్ని-మ్యాన్ కూడా రక్తం కక్కి పడిపోతాడు. వాడి బలానికి ఒక హద్దు కనపడింది, పైగా ‘దాడి చేసిందెవరు’ అనే ప్రశ్నకు అతనే బాధితుడిలా మంచం మీద దొరికాడు. ఇది ఎర వేసేవాడు రాసే రాత కాదు. చివరి ఎపిసోడ్‌లో మార్క్‌ని రైలుకు ఎదురుగా పట్టుకునే ఘోరం కూడా కామిక్‌లో లేదు. అది మర్చిపోగలరా?

అట్టపెట్టె_కామిక్స్:
లేను. ఆ రాత్రి మెట్రో గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

సరే, ఒక పరీక్ష చేశాను. మా తమ్ముడు సిరీస్ చూడలేదు, యూట్యూబ్‌లో కూడా దాని జోలికి పోలేదు. పోయిన వారం మొదటి కాంపెండియం (సంచికలు కలిపి వేసిన లావు పుస్తకం) వాడి చేతిలో పెట్టాను. నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్. ‘అన్నా, ఇది వేషం మార్చుకున్న విలన్ కదా? వాళ్ల నాన్న కాదు కదా?’ అని. నేనేం చెప్పలేదు.

నైట్‌షిఫ్ట్_నాని:
పాపం అన్నా, చెప్పేయాల్సింది.

అట్టపెట్టె_కామిక్స్:
పదకొండో సంచిక దాకా చెప్పను.