ఆర్‌సీసీబీ టెస్టర్‌కి ఏటా క్యాలిబ్రేషన్ తప్పనిసరా?

గుంటూరు వైర్‌మ్యాన్: ఒక అపార్ట్‌మెంట్‌లో ఆర్‌సీసీబీలన్నీ (కరెంట్ లీకైతే సప్లై ఆపేసే బ్రేకర్లు) చెక్ చేసి రిపోర్ట్ ఇచ్చాను. టెస్టర్ క్యాలిబ్రేషన్ (రీడింగ్ సరైనదో కాదో ల్యాబ్‌లో సరిచూడటం) గడువు దాటింది, రిపోర్ట్ చెల్లదంటూ కమిటీ డబ్బులు ఆపేసింది. గడువు దాటిన మర్నాడే టెస్టర్ పాడైపోతుందా?

సాయి ఈఈఈ: ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అయి పడిపోతుందిగా, టెస్టర్ ఎందుకసలు?

ల్యాబ్ రమ: సాయి గారూ, బటన్‌తో లోపలి మెకానిజం కదులుతుందో లేదో తెలుస్తుంది, అంతే. ఇంటికి ఎర్తే లేకపోయినా బటన్ పనిచేస్తుంది. ఎన్ని మిల్లీయాంపుల లీకేజీకి, ఎంతసేపట్లో పడిందో టెస్టరే చెప్పాలి. ఆ టెస్టర్ 30 అని చూపిస్తూ 34 పంపుతోందనుకోండి, 30లోపే పడాల్సింది 33కి పడినా పాసైపోతుంది. తక్కువ పంపితే మంచిది ఫెయిలవుతుంది, డబ్బుతో పోతుంది. ఎక్కువ పంపితే ప్రాణం మీదికొస్తుంది. క్యాలిబ్రేషన్ ఏటా చేయించాల్సిందే.

గుంటూరు వైర్‌మ్యాన్: మేడమ్, ప్రతి నెలా మా ఇంట్లో ఒకే ఆర్‌సీసీబీ మీద పెట్టి రాసుకుంటాను. 150 మిల్లీయాంపులకి (30కి ఐదు రెట్లు) 40 మిల్లీసెకన్లలోపు పడాలి, నాకెప్పుడూ ఇరవైల్లోనే. ల్యాబ్‌కి పంపితే అది తిరిగొచ్చేదాకా పని బంద్. ఆ కూలి ఎవరిస్తారు?

ల్యాబ్ రమ: రేపు ఆ రీడింగ్ మారితే, మారింది టెస్టరా, ఆర్‌సీసీబీనా? ఫ్రిజ్ ఆన్‌లో ఉంటే దాని లీకేజీ కూడా కలుస్తుంది.

గుంటూరు వైర్‌మ్యాన్: లోడ్ వైర్లు విప్పే చూస్తాను. నిన్న పుట్టలేదు నేను.

మెట్రాలజీ మూర్తి: ఒక్క మాట. క్యాలిబ్రేషన్ ల్యాబ్‌ల ప్రమాణం ఐఎస్ఓ 17025 ప్రకారం కస్టమర్ ఒప్పుకుంటే తప్ప ల్యాబ్ తర్వాతి గడువు వేయకూడదు. ఎన్నాళ్లకి చేయించాలో వాడుకునేవాళ్లే నిర్ణయించుకోవాలి.

గుంటూరు వైర్‌మ్యాన్: అదే కదా మొదట్నుంచీ మొత్తుకుంటున్నా!

ల్యాబ్ రమ: నిర్ణయించుకుని కాగితం మీద పెట్టారా? మీ టెస్టర్ తక్కువ పంపి మంచివాటిని ఫెయిల్ చేసిందని కమిటీ అంటే ఏం చూపిస్తారు?

గుంటూరు వైర్‌మ్యాన్: ఏం చూపించాలి? నేను ఫెయిల్ రాసినవి 150 పంపినా పడలేదు. బటన్ నొక్కినా కదల్లేదు. టెస్టర్ ఎంత తప్పు చూపిస్తే అలా అవుతుంది? అందులో ఒక ఫ్లాట్‌లో చంటిపిల్ల పాకుతోంది. అవి మార్చే ఖర్చు తప్పించుకోడానికే కమిటీ గడువు పట్టుకుంది. మీరంతా ఆ తేదీ దగ్గరే ఆగిపోయారు!

ల్యాబ్ రమ: ఇది మొదటి పోస్ట్‌లోనే రాయాల్సిందండీ. ఆ సాకు దొరక్కూడదనే నా బాధ. వెంటనే పంపండి. సర్దుబాటు చేయకముందు రీడింగులు ఇమ్మని అడగండి. అవి సరిగ్గా ఉంటే పాత రిపోర్ట్‌ను ఎవరూ కాదనలేరు.

సాయి ఈఈఈ: మా ఇంట్లో బటన్ నొక్కి చూశా. పడింది. టెస్టర్‌తోనూ చూపిస్తా.

గుంటూరు వైర్‌మ్యాన్: ల్యాబ్ సంగతి తర్వాత. ముందు ఆ ఫ్లాట్ల వాళ్లకి నేనే ఫోన్ చేస్తున్నా, కమిటీతో పనిలేదు.