‘నారోబోట్’కు తెలుగు మాట

ప్రశ్న: ఇంగ్లండు కాలువల మీద సరుకులు మోసిన నారోబోట్ల గురించిన వ్యాసం అనువదిస్తున్నాను. ‘ఇరుకు పడవ’ అనవచ్చా, లేక ‘బార్జి’ అంటే చాలా?

జవాబు: బార్జి మాత్రం వద్దండి. అది వెడల్పాటి పడవ. ఆ కాలువల మీద బతికినవాళ్లు ఈ రెంటినీ ఎన్నడూ కలపరు. నారోబోట్ వెడల్పు సుమారు 7 అడుగులే, పొడవు మాత్రం 70 అడుగుల పైమాట. ‘ఇరుకు’ అంటే లోపల చోటు చాలదన్న భావం వస్తుంది. ఇక్కడ చెప్పాల్సింది పడవ కొలత. ఆ కొలతను నిర్ణయించినవి లాకులు, అంటే నీటిమట్టం పెంచుతూ, తగ్గిస్తూ పడవలను దాటించే తలుపుల కట్టడాలు. 1766లో పని మొదలై 1777లో పూర్తయిన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ దాదాపు ఏడడుగుల వెడల్పు లాకులు కట్టించాడు. లాకు చిన్నదైతే ఖర్చూ తక్కువే, పడవ దాటిన ప్రతిసారీ పోయే నీరూ తక్కువే. అందుకే నా ఓటు ‘సన్న పడవ’కు. ‘లాకు’ను నిశ్చింతగా వాడండి, దుగ్గిరాల లాకులు తెలిసిన మనకు అది పరాయి మాట కాదు.

ప్రశ్న: మోటారు పడవ వెనుక ‘బటీ’ అని ఇంకొకటి వస్తోంది. దాన్ని ‘లాగుడు పడవ’ అన్నాను.

జవాబు: అలా అంటే లాగేది అదే అనుకుంటారు. ఇంజను లేక, మోటారు పడవ లాగితే కదిలేది బటీ. ఆ ప్రాంతపు మాండలికంలో బటీ అంటే పనిలో తోడు ఉండే మనిషి. ‘తోడు పడవ’ ఎంత చక్కగా కుదురుతుందో చూడండి! గట్టు మీద నడిచే ఒక్క గుర్రం పాతిక టన్నుల సరుకును లాగితే, మోటారు వచ్చాక ఈ జంట యాభై టన్నుల దాకా మోసేది.

మీ ‘ఇరుకు’ను పడవ వెనుక ఉండే గదికి దాచుకోండి. రైళ్లు పోటీకి వచ్చి కిరాయిలు పడిపోయాక చాలామంది పడవవాళ్లు కుటుంబాలనే పనిలోకి తెచ్చుకున్నారు. పదడుగుల పొడవున్న ఆ గదిలోనే పొయ్యి, మడిచే మంచం, పిల్లలు. ఎంతమంది ఉండవచ్చో పరిమితి పెట్టడానికి 1877లో చట్టమే చేయాల్సి వచ్చింది. అంత చోటులోనూ తలుపుల మీద, నీళ్ల డబ్బా మీద గులాబీలూ కోటలూ చిత్రించుకున్నారు. దాన్ని ఒట్టి ‘అలంకరణ’ అని దాటేయకండి, ‘గులాబీలు, కోటలు’ అనే రాయండి. ఆ చిత్రకళకు పేరే అది.

ఇంకొకటి. నడకదారి లేని సొరంగాల్లో మనుషులు వెల్లకిలా పడుకుని, గోడలను కాళ్లతో తన్నుతూ పడవను నడిపేవారు. ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ మీది హేర్‌కాసిల్ సొరంగంలో అలా మైలున్నరకు పైగా వెళ్లాలి. దీన్ని ‘లెగ్గింగ్’ అని ఉంచితే మన పాఠకుడికి దుస్తులు గుర్తొస్తాయి. ‘కాళ్లతో నడపడం’ అంటే చాలు.